ఉడుకుగుండానికి ఒక థర్మామీటరు

ఈ ప్రయాణం గురించి రాయడంలో ఆలస్యం జరిగినందుకు బద్ధకం కారణం కాదు. ఒక్క విషయం నిర్ధారణ కావలసి ఉండింది. అది తేలకుండా జలపాతం అందాన్ని వర్ణిస్తూ కూర్చోవడానికి మనసొప్పలేదు. ఇప్పుడు తేలింది. గుండెల మీది బరువు దిగిన మనిషి రాస్తున్న రాత ఇది. వర్ణన ఎక్కడైనా మోతాదు మించితే ఆ సంతోషం కింద జమకట్టుకొమ్మని పాఠకులను కోరుతున్నాను.

నేను జగిత్యాలలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. ఎవరేం చెప్పినా, "నువ్వు చూశావా, విన్నావా?" అని అడగడం నాకు వృత్తితోపాటు అబ్బిన అలవాటు. నా బడినాటి స్నేహితుడు రాజేశానికి ఈ అలవాటు అంటే ఒళ్లుమంట. అతను సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాడు. దసరా సెలవులకు ముందు ఒకనాడు మా ఇంటికి వచ్చి, చందుర్తి వైపు గుట్టల్లో ఉన్న ఒక జలపాతం సంగతి ఎత్తాడు. దాని కింది గుండంలో నీళ్లు తెల్లవారుజామున కాచినట్టు వేడిగా ఉంటాయట. మధ్యాహ్నానికి ఒళ్లు జలదరించేంత చల్లబడతాయట. మగ్గం దగ్గర నిలబడి మోకాళ్లు పట్టేసిన నేతపనివాళ్లు ఒకప్పుడు అక్కడికి వెళ్లి మునిగి వచ్చేవారట. అందుకే దానికి ఉడుకుగుండం అని పేరు.

నీళ్లు వేడెక్కవు, చుట్టూ ఉన్న గాలి చల్లబడుతుంది, చల్లబడిన చేతికి అవే నీళ్లు వేడిగా తోస్తాయి అని నేను వివరించాను. చలికాలపు ఉదయం ఏ చేదబావి దగ్గరైనా ఇదే అనుభవం కలుగుతుందని కూడా చెప్పాను.

"చూడకుండ ఎట్ల చెప్తవు?" అన్నాడు రాజేశం. "చూసినవా అని మంది మీద పడేటోనివి నువ్వే గద."

అయితే వెళ్లి కొలిచి చూద్దామన్నాను. అడవిలోకి వినోదం కోసం ఎవరూ వెళ్లని రోజులివి. ఒకవైపు పోలీసులు, మరోవైపు అన్నలు; మధ్యలో నడిచేవాడు తాను ఎవరో ఇద్దరికీ చెప్పుకోవలసిన కాలం. అయినా బయలుదేరాను. నా సొంత థర్మామీటరు ఒకటి, మూరెడు పొడవుది, రేకు గొట్టంలో దూది చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

కోరుట్లలో బట్టల మార్పు

రాజేశం తన అక్క లచ్చక్క ఇంట్లో నాకోసం కాచుకొని ఉన్నాడు. ఆ వాడలో ఏ అరుగు మీద చూసినా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలే. మాట నోటిది, పని వేళ్లది. ఒకదానికొకటి అడ్డం రావు. లచ్చక్క కూడా బీడీకి దారం చుడుతూనే నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నా ప్యాంటు మట్టిరంగుది, చొక్కా ఆకుపచ్చది. ఉతికి ఉన్నవేవో తొడుక్కొని వచ్చాను తప్ప రంగుల గురించి ఆలోచించలేదు.

"తమ్మీ, గీ బట్టలతోని పోతవా అడివికి?" అంది. "కింద చూస్తె పోలీసు, మీద చూస్తె అన్న. ఎవలు ముందుగాల చూస్తె ఆళ్లు కాలుస్తరు."

అరుగుమీది స్త్రీలంతా నవ్వారు. నేనూ నవ్వాను, కాని బట్టలు మార్చుకున్నాను. ఆమె భర్త నాకంటే బాగా పొట్టి కావడంతో అతని గళ్ల లుంగీ నా పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఆకుపచ్చ గుడ్డ కొనేవాణ్ణి ఎందుకని పోలీసులు అడుగుతున్నారనీ, సిరిసిల్లలో కొందరు దర్జీలు ఆ రంగు కుట్టడమే మానుకున్నారనీ రాజేశం చెప్పాడు. దీన్ని నేను పరీక్షించలేదు. అయితే బస్టాండు దుకాణంలో టార్చిలైటు సెల్లులు అడిగినప్పుడు దుకాణదారు ఒక జత ఇచ్చి, ఎక్కువ అమ్మితే ఎవరికని తననూ అడుగుతారని, ఇంకో జత కోసం వేరే దుకాణం చూసుకొమ్మన్నాడు. ఇది స్వయంగా చూసిందే.

లచ్చక్క పెట్టిన సర్వప్ప గురించి రాయకపోతే కృతఘ్నత అవుతుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అదిమి కాలుస్తారు. మా ఇంట్లోనూ చేస్తారు, పలచగా. ఇక్కడ మందంగా అదిమి, మధ్యలో వేలితో పొడిచి నూనె వేస్తారు. గిన్నెకు అంటుకున్న మాడు ముక్క కోసం రాజేశం, నేను పిల్లల్లా పోట్లాడుకున్నాం.

పేరడగని ఊరు

కోరుట్ల నుంచి దక్షిణంగా చందుర్తి వైపు వెళ్లే బస్సులో బయలుదేరి ఒకచోట దిగి, మొక్కజొన్న చేల మధ్యగా గుట్టల దాపుకు నడిచాం. ఆ ఊరి పేరు రాయను. కారణం కాసేపట్లో పాఠకులకే తెలుస్తుంది.

మా జగిత్యాలలో గడపలోకి వచ్చినవాడికి ముందు నీళ్లిస్తాం. గ్లాసు కింద పెట్టకముందే ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకు అని వరసగా అడుగుతాం. చుట్టరికం కలిపితే గాని మనకు తోచదు. ఈ ఊళ్లో నీళ్లిచ్చారు, మంచం వాల్చారు, అన్నం వేళకు వచ్చారు కాబట్టి తినమన్నారు. పేరు మాత్రం ఒక్కరూ అడగలేదు.

రాజేశానికి తెలిసిన గీతకార్మికుడు ఒకాయన మాకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఆయన్ని రాజేశం గౌడన్న అని పిలిచాడు. ఊళ్లో చాలామందిని అలాగే పిలుస్తారు కాబట్టి అది పేరు కిందికి రాదు. నడివయసు దాటిన మనిషి. మోకుతో తాటిచెట్టు ఎక్కి ఎక్కి అరికాళ్లు, అరచేతులు చెక్కలా గట్టిపడ్డాయి. ఆ సాయంత్రం తాను గీసే చెట్లను మాకు చూపించాడు. ఆ నెలల్లో కల్లు పారే తాటిచెట్లు తక్కువట. ఊరి చివర, అడవి దారి పక్కనున్న ఒక పొడుగాటి చెట్టు మీద మాత్రం లొట్లు, అంటే కల్లు పట్టే కుండలు, వేలాడుతున్నాయి. ఒకరి చెట్టును మరొకరు ఎక్కరని, సొంత తమ్ముడైనా ముట్టడని, అది అన్నిటికంటే గట్టి కట్టుబాటని చెప్పాడు. ఎవరూ చూడనప్పుడు ఎక్కితేనో అని అడిగాను. ఎక్కినవాడికి ఊళ్లో ఇంకెవరూ చెట్టు ఇవ్వరన్నాడు.

ఆ రాత్రి మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గటక, మజ్జిగ, మిరపతొక్కు పెట్టారు. గటక వేడికి మజ్జిగ, మజ్జిగ చప్పదనానికి తొక్కు. మూడూ ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటాయి. తింటూ నేను నా అలవాటు కొద్దీ ప్రశ్నలు వేశాను. గుండానికి ఈమధ్య ఎవరు వెళ్లారు? ఎప్పుడు? ఎంతమంది? నీళ్లు వేడిగా ఉండడం చూసినవారు ఊళ్లో ఎవరెవరు? గౌడన్న జవాబులు క్రమంగా పొట్టివై, చివరికి గటక కలిపే చప్పుడే మిగిలింది.

రాజేశం నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వడిగేటియన్ని స్టేషన్ల అడిగేటియే. జర నోరు మూసుకో."

నాకు ఆశ్చర్యం కలిగింది. లోపలికి వచ్చి, ఈ ఊళ్లో పేర్లు ఎందుకు అడగరన్న ఒక్క ప్రశ్న మాత్రం వేస్తానని గౌడన్న అనుమతి తీసుకొని అడిగాను.

"రేపు ఎవలన్న అచ్చి, మీ ఇంటికి ఎవలచ్చిండ్రు అని అడుగుతరు," అన్నాడాయన. "తెల్వదు అంటం. తెల్వదన్నోడు తెల్వకనే ఉండాలె గద సారు. నాకు అబద్ధమాడ రాదు, దొరికిపోత."

సాక్షి నిజం చెప్పగలిగేలా ముందే ఏర్పాటు చేసుకోవడం! నా శాస్త్ర జీవితంలో ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను చూడలేదు. గౌడన్న భార్య మాత్రం దీన్ని మెచ్చుకునే స్థితిలో లేదు. కంచాలు తీస్తూ, నన్ను చూడకుండా నాతోనే అంది:

"మీరు రేపు బస్సెక్కి పోతరు. గీయన ఈడనే ఉంటడు. ఎట్ల తీస్కపోయిన్రో గట్లనే తెచ్చి అప్పజెప్పున్రి."

తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చాను.

ఒర్రె వెంట పైకి

తూరుపు తెల్లబడకముందే బయలుదేరాం. దారి ఒర్రె అనే కొండవాగు పక్కగా, కొన్నిచోట్ల ఒర్రెలోనుంచే పైకి పోతుంది. నిశ్శబ్దంగా నడిస్తే అడవి చప్పుళ్లు వినవచ్చని నేననుకున్నాను. గౌడన్న ఒప్పుకోలేదు. ఊరివాళ్లు అడవిలో మాట్లాడుకుంటూ, దగ్గుకుంటూ పోవాలట. సప్పుడు లేకుండా నడిచేవి రెండే రకాల కాళ్లని, ఆ రెండింట్లో మనం ఏదీ కాదని తెలియాలట. అందుకని ఆయన ఎదురుగా లేని మేకలను అదిలిస్తూ, రాజేశం తన మగ్గాల కరెంటు కోతను తిట్టుకుంటూ, నేను నాకు గుర్తున్న సూత్రాలను పైకి చదువుతూ ఎక్కాం. న్యూటన్ మూడో నియమం ఆ గుట్టల్లో అంత గట్టిగా ఇంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు.

ఎక్కడం తేలికైన పని కాదు. బండల మీద పాచి, బండల మధ్య నడుములోతు గడ్డి. లుంగీ పైకి కడితే ముళ్లు గీస్తాయి, కిందికి వదిలితే కాళ్లకు చుట్టుకుంటుంది. ఒకచోట జారి కూర్చుండిపోయాను. సంచిని మాత్రం గాలిలోకి ఎత్తిపట్టాను. కుడికాలి చెప్పు ఒర్రెలో పడి, తొందర పనేదో ఉన్నట్టు కొట్టుకుపోయింది. రెండోది మోయడం దండగని దాన్నీ వదిలేశాను. గౌడన్న తన టైరు చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. ఆయనకు అవి అలంకారమే, నాకు ప్రాణాధారమయ్యాయి.

మధ్యలో తునికిచెట్లు దట్టంగా వచ్చాయి. ఎండాకాలంలో ఇక్కడ కోసి కట్టలు కట్టే ఆకే లచ్చక్క చాటలోకి చేరుతుందని రాజేశం అన్నాడు. ఆ చాట బరువు ఎంత ఎత్తునుంచి దిగి వస్తుందో నా మోకాళ్లకు అప్పుడు తెలిసింది.

గుండం

జలపాతం ముందు చెవికి, తరువాత చర్మానికి, ఆఖరుకు కంటికి తెలిసింది. మలుపు తిరిగేసరికి నల్లటి రాతిగోడ. దాని నెత్తిన చీలిక. చీలికలోంచి దూకిన నీరు సగం దూరం ఒకే పాయగా వచ్చి, ఒక మెట్టును తాకి, విసనకర్రలా విచ్చుకొని కిందికి దిగుతోంది. వెలుగు ఇంకా నేలకు దిగలేదు. నీటి పైఅంచు మాత్రం ఎర్రబారి, కింద అంతా బూడిదరంగులో ఉంది. మేం ముగ్గురం అక్కడిదాకా గట్టిగా మాట్లాడుతూ వచ్చినవాళ్లం, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాం.

దాని ఎత్తు ఏడు తాళ్లని, అంటే ఏడు తాటిచెట్లంతని, దారిలో గౌడన్న చెప్పి ఉన్నాడు. కర్రను చేయిచాచి పట్టుకొని కంటిచూపుతో కొలిచే పద్ధతిలో చూస్తే మూడు తాళ్లకు మించదని తేలింది. ఆ మాట చెప్పాను.

"చిన్న తాళ్లు లెక్కేసుకోన్రి సారు," అన్నాడు.

గుండం మీద పొగలాంటి మంచు తేలుతోంది. చేయి పెట్టాను. నిజం చెప్పాలి: వేడిగా ఉంది. కాచిన నీళ్లంత కాదు గాని, స్నానానికి వేణ్నీళ్లు తొలిపినట్టు హాయిగా ఉంది. రాజేశం నా ముఖంకేసి చూస్తూ నిలబడ్డాడు.  నేను రేకు గొట్టం విప్పి థర్మామీటరును నీటిలో ఉంచి, పాదరసం నిలిచేదాకా ఆగి చూశాను. తరువాత తుడిచి గాలిలో పట్టాను. గాలి నీటికంటే చాలా చల్లగా ఉంది. సగం పని పూర్తయింది. మిగతా సగానికి ఎండ ముదరాలి.

సర్వప్ప తుంపుకొని తింటూ ఎండకోసం కూర్చున్నాం. పొద్దు బాగా పైకి వచ్చిన తరువాత, గుండానికి అవతలి ఒడ్డున ఇద్దరు కనబడ్డారు. ఎటునుంచి వచ్చారో చూడలేదు. ఇద్దరి భుజాలకూ తుపాకులున్నాయి. ఒకతను ముప్ఫై దాటినవాడు. రెండోది అమ్మాయి, నా తరగతిలో ముందు వరసలో కూర్చునే వయసు.

గౌడన్న లేచి నిలబడ్డాడు. తన బిడ్డ వయసు అమ్మాయిని "అక్కా" అన్నాడు. సిరిసిల్ల నుంచి నీళ్లు చూడడానికి వచ్చినవాళ్లని మా గురించి చెప్పాడు. వాళ్లూ పేర్లు అడగలేదు. ఆ మనిషి చూపు నా చేతిలోని గొట్టం మీద ఆగింది.

"గదేంది?"

 గొట్టం అతనికి అందించాను. మూత తీసి గాజు కడ్డీని, అడుగున మెరిసే పాదరసాన్ని చూసి అతని నొసలు ముడిపడింది. ఆ క్షణంలో గౌడన్న భార్య మాట నాకు గుర్తొచ్చింది. మేం ఏదో ఒక కథ చెప్పుకొని బయటపడినా, మమ్మల్ని తెచ్చినవాడు రేపు కూడా ఇదే అడవిపక్కన ఉంటాడు.

అమ్మాయి చేయి చాపి దాన్ని తీసుకుంది. "థర్మామీటర్ అన్నా. మా కాలేజి ల్యాబుల ఉండె," అంది. వంగి, దాని అడుగు నీటిలో ఉంచి, పాదరసం నిలిచేదాకా ఆగింది. తరువాత కన్ను సరిగ్గా పాదరసం కొస ఎత్తుకు తెచ్చి చదివింది. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే మరొకటి వస్తుందని, కన్ను ఎత్తు సరిచేసుకొమ్మని నేను ఏటా చెబుతాను. వినేవారు కొద్దిమంది. ఈ అమ్మాయికి ఎవరో శ్రద్ధగా చెప్పారు, ఆమె శ్రద్ధగా విన్నది. ఏ కాలేజీ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆమె చదివిన అంకె పైకి చెప్పింది. అది నేను తెల్లవారుజామున చదివినదే.

వాళ్లు డబ్బాలో నీళ్లు నింపుకున్నారు. పొద్దు ఉండగానే దిగిపొమ్మని ఆ మనిషి గౌడన్నతో చెప్పాడు. అమ్మాయి గొట్టంలో దూది సరిచేసి, మూత బిగించి నాకిచ్చింది. కాసేపటికి అవతలి ఒడ్డున రాళ్లు మాత్రమే ఉన్నాయి. రాజేశం నీళ్లు తాగబోయి చొక్కా మీద పోసుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో మరోసారి కొలిచాను. పాదరసం ఒక్క గీతైనా కదలలేదు. చేతికి మాత్రం ఆ నీళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. రాతిపొరల్లో ఊరి వచ్చే నీటి వేడి పూటపూటకూ మారదు. మారేది మన ఒళ్లు. ఒక్కరోజు కొలత ఆ ఒక్కరోజుకే సాక్ష్యమని ఒప్పుకుంటూనే, రాజేశంతో ఇదంతా కొంచెం గర్వంగా చెప్పాను. గౌడన్న ఓపికగా విని, చివరకు అన్నాడు:

"అయితె మీ గాజుకట్టెకు చలి పెట్టదన్నట్టు. పెట్టేటోనికి ఉడుకు ఉడుకే గద సారు."

దీనికి నా దగ్గర సమాధానం ఉంది గాని, దిగేటప్పుడు ఊపిరి దాచుకోవడం ముఖ్యమనిపించింది.

తాటిచెట్టు కింద

దిగడం సుఖంగానే సాగింది. ఊరి చివరికి వచ్చేసరికి కట్టెలమోపుతో ఎదురైన ఒకామె ఆగకుండానే, జీపు వచ్చి ఉందని, ఇటే వస్తున్నారని చెప్పి వెళ్లిపోయింది. గౌడన్న నా చేతిలోంచి రేకు గొట్టం తీసుకున్నాడు.

"పోలీసులు చూస్తె మంచిగుండదు సారు. అండ్ల పాదరసం మెరుస్తది, బాంబు సామాననుకుంటరు. మనం చెప్పేదాక ఆగరు."

దాన్ని నడుముకున్న గీతకత్తుల పక్కన దోపుకొని, మోకు వేసి, సాయంత్రపు గీతకు ఎక్కినట్టే ఆ పొడుగాటి చెట్టెక్కాడు. పైన ఒక లొట్టిలోకి గొట్టం జారవిడవడం మేం కిందినుంచి చూశాం. మరో లొట్టి దింపుకొని తీరిగ్గా కిందికి వచ్చాడు. మోకు విప్పకముందే నాతో ఒక మాటన్నాడు: "చూసింది చూసినట్టు చెప్పుడు మీకు అలవాటు. ఇయ్యాల ఒక్కనాడు జర తప్పున్రి."

పోలీసులు వచ్చారు. వారి అధికారి అలసిపోయిన మనిషి. బూటు లేసు ఊడి ఉంది. నా ఉద్యోగపు కార్డు చూసి, లుంగీ చూసి, మళ్లీ కార్డు చూశాడు. ఎందుకు వచ్చారని అడిగాడు. గుండంలో నీళ్లు పొద్దున వేడిగా, మధ్యాహ్నం చల్లగా ఉంటాయంటే చూడడానికి వచ్చామన్నాను.

"ఉన్నయా మరి?"

కొలిచాం, లేవు అంటే, దేనితో కొలిచారు అన్నది తరువాతి ప్రశ్న. చెట్టు మీద లొట్టి నా నెత్తిమీదే వేలాడుతోంది.

"ఉన్నాయి," అన్నాను. "పొద్దున ఉడుకుగానే ఉన్నాయి. చేయి పెట్టి చూశాను."

"మా ఊరి బాయి గూడ గంతే," అన్నాడాయన, మొదటిసారి కొంచెం మెత్తబడి. "చలికాలంల నీళ్లు అవ్వే ఉడుకుతయి."

ఏనాడూ ఏ విద్యార్థినీ ఆ మాట అననివ్వలేదు నేను. ఆనాడు తల ఊపాను. పైన ఇంకెవరినైనా చూశారా అని అడిగితే, నీళ్లు తప్ప చూడదగ్గదేమీ లేదని రాజేశం చెప్పాడు. ఒక కానిస్టేబులు తల ఎత్తి చెట్టుకేసి చూశాడు. పైన ఇంకా కల్లు ఉందా అని గౌడన్నను అడిగాడు.

"ఉన్నది సారు, గని పులిసింది. తాగితె కడుపుల తిప్పుతది. గిది మంచిగున్నది," అంటూ దింపిన లొట్టిని ముందుకు జరిపాడాయన.

మమ్మల్ని బస్సుకు పొమ్మన్నారు. గౌడన్నను మాత్రం జీపెక్కమన్నారు. నిన్నటినుంచి ఆయన మాతోనే ఉన్నాడని, వేరే ఏ సంగతీ లేదని చెప్పాను. కొన్ని మాటలు అడిగి పంపిస్తామని అధికారి అన్నాడు. గౌడన్న మోకు, కత్తులు విప్పి చెట్టు మొదట్లో పెట్టి, నా కాళ్లవైపు చూశాడు. నేను టైరు చెప్పులు విడవబోయాను. వద్దన్నట్టు చేయి ఊపాడు.

"పోన్రి సారు. బస్సు పోతది."

ఆయన భార్యకు మొహం చూపించకుండా పోవడం కుదరలేదు. ఆమె గడపలోనే నిలబడి ఉంది; సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. రాజేశం ఏదో చెప్పాడు.  అప్పజెబుతానన్న మనిషి లేకుండా ఆ గడప ముందు నిలబడడం ఆ గుట్ట ఎక్కడం కంటే కష్టమైంది.

సిరిసిల్ల

సెలవులు మిగిలి ఉన్నా నేను జగిత్యాల వెళ్లలేదు. రాజేశం ఇంట్లోనే ఉండిపోయాను. ముందు గదిలో నిద్ర, వెనుక గదిలో మగ్గాలు. గోడ ఒక్కటే అడ్డం. కరెంటు ఉన్నంతసేపు ఇల్లంతా దడదడలాడుతుంది. కరెంటు పోతే ఆ నిశ్శబ్దానికి మెలకువ వస్తుంది. ఆ వాడలో మనుషులు మగ్గాల చప్పుడు మీద మాట్లాడడానికి పెదవుల కదలికే చదువుతారు. నాకది రాక, ఏది చెప్పినా రెండుసార్లు చెప్పించుకున్నాను.

స్టేషనుకు వెళ్లి అడుగుతానని రోజూ అనేవాణ్ణి. రాజేశం రోజూ ఆపేవాడు.

"నువ్వు పోయి అడిగితె ఏమంటరు? ఒక గీతపనోని కోసం కాలేజి సారు అచ్చిండంటె, వీడు ఎంత పెద్దోడో అనుకుంటరు. ఇడిసేటోన్ని గూడ ఇడువరు."

అతని మాటలో తప్పు కనిపించలేదు. పైగా ఎవరి గురించి అడగాలి? పేరు నాకు తెలియదు. ఊళ్లోవాళ్లు చేసుకున్న ఆ ఏర్పాటు నన్ను కూడా వాళ్లలో ఒకణ్ణి చేసింది. ఏది విన్నా నిలదీసి అడిగే నేను, నోరు మూసుకొని గోడవతలి మగ్గాలు వింటూ కూర్చున్నాను. టైరు చెప్పులు గుమ్మం పక్కన ఉండేవి. వాటిని తొడుక్కోవడానికి మనసు రాలేదు.

సీతాఫలాల రోజులు. గుట్టల కింది ఊళ్ల స్త్రీలు గంపలతో సిరిసిల్ల వస్తారు. ఒక ఉదయం అలాంటి ఒకామె రాజేశం గడపలో గంప దింపి, లోపలికి వినబడేలా, పండ్లు తెచ్చినానని చెప్పింది. బేరం కుదరకముందే పండ్లు తీసి నేలమీద పేర్చసాగింది. డబ్బులు ఇవ్వబోతే, పంపినవాళ్లు పంపించారని, తనకు ముట్టాయని చెప్పింది. ఎవరు పంపారని అడగడానికి నోరు తెరిచి మూశాను.

గంప అడుగుకు వచ్చేసరికి, ఆకుల మధ్య రేకు గొట్టం కనిపించింది.

మూత తీశాను. పులిసిన కల్లు వాసన గుప్పుమంది. దూది తడిసి ఎండి గట్టిపడింది. గాజు పగలలేదు; పాదరసం చెక్కుచెదరలేదు.

నా పద్ధతిలో నేను ఆలోచించాను. గొట్టం లొట్టిలో ఉంది. లొట్టి చెట్టు మీద ఉంది. గాలికి లొట్టి కిందపడితే గాజు నిలవదు. ఆ చెట్టును ఇంకొకరు ఎక్కరు. ఎక్కినవాడికి ఊళ్లో బతుకు లేదు. కాబట్టి ఎక్కింది ఆయనే. మోకు బిగించి, అరికాళ్లతో మానును అదిమి, రెండు చేతులతో ఒళ్లును పైకి లాక్కుంటూ అంత పొడుగాటి తాటిచెట్టు ఎక్కాలంటే ఆ కాళ్లకు, ఆ చేతులకు ఏమీ కాకూడదు. ఆయన ఇంటికి వచ్చాడు. వచ్చిన మనిషి వెళ్లినట్టే వచ్చాడు. ఆయన భార్యకు నేనిచ్చిన మాట నా ప్రమేయం లేకుండానే నెరవేరింది.

ఇదంతా రాజేశానికి చెప్పాను. మగ్గాల చప్పుడులో వినిపించక మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాను. ఈసారి అతను నా పెదవులను చదివి, గోడకు ఆనుకొని మెల్లగా కిందికి కూర్చున్నాడు.

ఆమె గంప ఎత్తుకుంటోంది. నేను లోపలికి వెళ్లి టైరు చెప్పులు తెచ్చి గంపలో పెట్టాను. ఎవరివని ఆమె అడగలేదు. ఆకులు పైన కప్పి, "ఏమన్న చెప్పాల్నా?" అంది.

చెప్పవలసింది చాలా ఉంది. ఒక్కటే తోచింది.

"గుండంలో నీళ్లు పొద్దున ఉడుకుగానే ఉన్నాయని, సారు అందరికీ అదే చెబుతున్నాడని చెప్పమ్మా."

ఆమె నన్ను వింతగా చూసింది. "గది మాకు ఎరుకనే గద బిడ్డా," అని గంప నెత్తికెత్తుకొని వీధిలోకి దిగింది.